బిల్లు లేదు, హాజరు లేదు, మరి కేసు ఎట్లా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా హోటళ్ల గురించే ఉన్నాయి. తిని జబ్బు పడ్డవాళ్లు, వండి జబ్బు పడ్డవాళ్లు, వండించి నోటీసు అందుకున్నవాళ్లు. అందుకే ఈసారి భూమి తగాదాలు, భాగాల పంపకాలు పక్కన పెట్టి అచ్చంగా హోటల్ సంగతులే తీసుకున్నాను. మా నాయన కాజీపేట స్టేషన్ దగ్గర 20 ఏళ్లు చాయ్ హోటల్ నడిపాడు, నేను లా చదివింది ఆ గల్లాపెట్టె డబ్బుతోనే, కాబట్టి ఈ విషయంలో ఎవరి పక్షమూ లేదని చెప్పుకోలేను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, హోటళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: సార్, మేం కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో పీజీ చదువుతున్నాం. పోయిన నెల నలుగురం కలిసి హన్మకొండలో ఒక హోటల్‌కు పోయి మండి తిన్నాం. తెల్లారి మధ్యాహ్నానికి ముగ్గురికి వాంతులు, విరేచనాలు, జ్వరం. ఎంజీఎం ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించుకున్నాం. నాలుగోవాడికి ఏం కాలేదు, వాడు మయోనీస్ ముట్టుకోలేదు. హోటల్‌కు పోయి అడిగితే ‘బిల్లు చూపించండి, మా దగ్గరే తిన్నారని గ్యారంటీ ఏంది’ అంటున్నారు. బిల్లు తీసుకోలేదు, ఫోన్‌పే కొట్టినం. కేసు నిలబడుతుందా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: నిలబడుతుంది తమ్ముడూ, ఇప్పుడైనా కాయితాలు పోగు చేసుకుంటే. ముందు ఫోన్‌పే సంగతి. తేదీ, టైము, ఎవరి ఖాతాకు ఎంత పోయిందీ అన్నీ అందులో ఉంటాయి. స్క్రీన్‌షాట్ ఒక్కటీ తీసి ఊరుకోకుండా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ పేజీ కూడా తెచ్చి పెట్టుకోండి. ఆ రోజు దిగిన ఫొటోల్లో ప్లేటు కనిపిస్తే ఇంకా మంచిది (మీ వయసువాళ్లు ప్లేటు ఫొటో తీయకుండా తిన్నారంటే నేనైతే నమ్మను).

ఇక మీ కేసుకు ప్రాణం ఆ నాలుగోవాడే. నలుగురూ ఒకే పళ్లెంలో అన్నం, ఒకే మాంసం తిని, మయోనీస్ వేసుకున్న ముగ్గురే పడిపోయారంటే వేలు ఎటు చూపిస్తుందో చెప్పనక్కర్లేదు. పచ్చి గుడ్డుతో కలిపే మయోనీస్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది కూడా ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువయ్యాకనే. పచ్చి గుడ్డులో ఉండే సాల్మొనెల్లా కడుపులోకి పోయాక 6 గంటలకే పని మొదలుపెట్టొచ్చు, మూడు రోజులు ఆగి కూడా మొదలుపెట్టొచ్చు. అందుకే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ‘తెల్లారి పొద్దున ఏం టిఫిన్ చేశారు’ అనే. ఆ రాత్రి, మరుసటి రోజు ఎవరెవరు ఏమేం తిన్నారో, ఎవరికి ఎన్ని గంటలకు మొదలైందో నలుగురూ వేరువేరుగా ఇప్పుడే రాసి సంతకాలు పెట్టి ఉంచండి. ఆరు నెలలయ్యాక ఎవరికీ గుర్తుండదు. ఆసుపత్రి కేస్ షీట్ కాపీ అడగండి, అందులో డాక్టరు ఫుడ్ పాయిజనింగ్ అని రాశారా లేదా చూడండి, ఆ ఒక్క మాట దగ్గర చాలా కేసులు ఆగిపోతుంటాయి.

ఫిర్యాదు రెండు చోట్ల చేయొచ్చు. ఒకటి జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి, లేదంటే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో, 1800112100 నంబరులో. ఆయన వచ్చి శాంపిల్ తీస్తే అది మీరు తిన్న మయోనీస్ కాదు నిజమే, అయినా వంటగది ఎట్లా ఉందో రికార్డులోకి ఎక్కుతుంది. 2006 ఆహార భద్రత చట్టం 65వ సెక్షన్ ప్రకారం కల్తీ తిండి వల్ల ప్రాణం పోతే 5 లక్షలకు తగ్గకుండా, తీవ్రమైన హాని జరిగితే 3 లక్షల వరకు, మిగతా హానికి లక్ష వరకు పరిహారం ఇప్పించొచ్చు. మీది ఈ మూడోదాంట్లోకి వస్తుంది. రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా, ఈ మాట చెబితే మా వకీళ్ల సంఘంలో నా మీద కోపాలొస్తాయి, రానీయండి.

బిల్లు గురించి ఒక మాట. 2022 జనవరి 1 నుంచి హోటల్ బిల్లు మీద కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. కొన్న తిండిని మన డబ్బుతో మనమే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకునే హక్కు ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్‌లో ఉంది, కానీ ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలని అందులోనే షరతు. అంటే పార్సిల్ కట్టించుకుంటూ ‘అన్నా, దీన్ని ల్యాబ్‌కు పంపుతా’ అనాలన్నమాట. ఆ మాట అన్నాక ఎంత మంచి పీసులు పడతాయో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. ఆరేళ్ల సంది హన్మకొండలో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌లో చేస్తున్న. మొదట క్లీనర్‌ని, ఇప్పుడు చైనీస్ సెక్షన్‌లో రెండో మాస్టర్‌ని. జీతం 14 వేలు, చేతికే ఇస్తారు. పొద్దున 11 నుంచి రాత్రి 12 దాకా డ్యూటీ, నెలకు రెండే సెలవులు. మొన్న నాకు పసిరికలు అయినయి. ఎనిమిదో రోజే సేటు ఫోన్ చేసి ‘వస్తవా, ఇంకొకన్ని పెట్టుకోవాల్నా’ అన్నడు. భయపడి పోయిన. నాలుగు రోజులు చేసి చేతకాక మళ్లీ పండుకున్న. ఇగ రావద్దన్నడు. ఆ నెల జీతం ఇయ్యలేదు, పైగా పగిలిన ప్లేట్ల కింద 1,800 పట్టుకున్నడు. మొత్తం 16 మందిమి పనిచేస్తం. నా దగ్గర కాయితం ముక్క లేదు, ఏం చేయాలె?
– ఒక మాస్టర్

జవాబు: తమ్ముడూ, ముందు ఆరోగ్యం చూసుకో. కామెర్లు తగ్గేదాకా నూనె, పొయ్యి రెండింటికీ దూరంగా ఉండు.

కాయితం లేదని దిగులు పడకు. ఫోన్ తియ్యి. సేటు ‘వస్తవా’ అన్నది వాయిస్ మెసేజా, కాలా? డ్యూటీల వాట్సాప్ గ్రూపు ఉందా? అందులో నీ పేరు, ‘మాస్టర్ ఈ రోజు నూడుల్స్ అయిపోయినయి’ అన్న మెసేజ్‌లు, దసరాకి అందరూ కలిసి యూనిఫాంలో దిగిన ఫొటో, నీకు అడ్వాన్స్ ఇచ్చినప్పుడు గూగుల్ పే చేసి ఉంటే అది, ఇవన్నీ సాక్ష్యాలే. గ్రూపు నుంచి నిన్ను తీసేయకముందే ఆ చాట్ మొత్తం నీ మెయిల్‌కు పంపుకో. ఈ పని ఈ రోజే చెయ్యి, మిగతా ఉత్తరం తర్వాత చదువు.

చేశావా? ఇప్పుడు లెక్కలు చూద్దాం. 2025 నవంబర్ 21 నుంచి దేశమంతా నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో వేతనాల కోడ్ ప్రకారం పనిలోంచి తీసేస్తే రెండు పనిదినాల్లో బాకీ జీతమంతా చేతిలో పెట్టాలి. జీతం ఇచ్చానని రుజువు చేసే బరువు సేటు మీదే ఉంటుంది, నీ మీద కాదు. ‘చేతికిచ్చిన’ అంటే చాలదు, ఇచ్చినట్టు రిజిస్టర్ చూపాలి. అంటే కాయితం లేకపోవడం ఇక్కడ నీ కన్నా ఆయనకే ఎక్కువ ఇబ్బంది. ప్లేట్లు పగిలితే కోత పెట్టొచ్చా అంటే, నీ నిర్లక్ష్యం వల్లే పగిలిందని తేలాలి, కోసేముందు నీ మాట వినాలి. ప్లేట్ల లెక్క నెలాఖరున అందరి మీదా సమానంగా పంచే పద్ధతి మన హోటళ్లలో ఎప్పటి నుంచో ఉంది, అది ఏ చట్టంలోనూ లేదు.

తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1988 నాటిది, హోటళ్లకు వర్తిస్తుంది. వారానికి 48 గంటలు, వారానికో సెలవు, జబ్బు చేస్తే ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు. నీ డ్యూటీలో మధ్యాహ్నం రెండు గంటల విరామం తీసేసినా రోజుకు 11 గంటలు పడుతోంది, ఎక్కువైన గంటలకు రెట్టింపు కూలి అడగొచ్చు, మూడేళ్ల దాకా వెనక్కి వెళ్లి. ఆరు నెలలు దాటి పనిచేసినవాణ్ని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో లేకుండా తీసేయకూడదు.

నీకు తెలియని డబ్బు ఇంకొకటి ఉంది, గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసినవాడు పని వదిలేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం. పది మంది, అంతకు పైన పనిచేసే చోట అయిదేళ్లు దాటితే ఇవ్వాలి. లెక్క చాలా సులువు, నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేశావో దాంతో గుణించాలి. 14 వేలకు ఆరేళ్లకు సుమారు 48,460 రూపాయలు. తీసేసినా సరే ఇవ్వాల్సిందే.

ఈఎస్ఐ, అంటే పనివాళ్ల ఆరోగ్య బీమా కూడా నీకు ఉండాల్సింది. 10 మంది, అంతకు పైన ఉన్న హోటల్, జీతం 21 వేల లోపు. నీ జీతంలోంచి 0.75 శాతం అంటే 105 రూపాయలు, సేటు వైపు నుంచి 3.25 శాతం అంటే 455. నెలకు మొత్తం 560 రూపాయలు. ఇది కట్టి ఉంటే కామెర్లతో పడుకున్న రోజులకు 70 శాతం జీతం ఈఎస్ఐ ఇచ్చేది, నువ్వు ఎనిమిదో రోజు పరిగెత్తే పని ఉండేది కాదు. 455 మిగుల్చుకోబోయి సేటు ఏం చేశాడో చూడు, కామెర్లు ఉన్న మనిషిని తెచ్చి వంటగదిలో నిలబెట్టాడు.

అసలు సంగతి ఇదే. ఆహార భద్రత నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఒకటి ఉంది. కామెర్లు, విరేచనాలు, వాంతులు, జ్వరం ఉన్నవాళ్లను తిండి ముట్టుకునే చోటికి రానివ్వకూడదని అందులో రాసి ఉంది, ఏడాదికోసారి అందరికీ వైద్య పరీక్ష చేయించి సర్టిఫికెట్ పెట్టుకోవాలని కూడా. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ ఒకరి చేతి నుంచి ఇంకొకరి పళ్లెంలోకి పోయే జబ్బు. కాబట్టి నీది జీతం తగాదా ఒక్కటే కాదు. పైన ఉత్తరం రాసిన కేయూ పిల్లల కేసు, నీ కేసు వేరువేరు చట్టాల కింద వేరువేరు ఆఫీసుల్లో నడుస్తాయి గానీ రెండూ పుట్టింది ఒక్క చోటే, హోటల్ వంటగదిలో. నీ ఫిర్యాదు ఒక కాపీ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు, ఇంకో కాపీ ఫుడ్ సేఫ్టీ అధికారికి ఇవ్వు, రెండింటి మీదా రసీదు ముద్ర వేయించుకో. జీతం సంగతి లేబర్ ఆఫీసులో ఏళ్లు సాగదీసే యజమానులు కూడా రెండో కాపీ చూడగానే మాట్లాడదామని ఫోన్ చేస్తారు, ఇది నా అనుభవం.

నేనేదో నీతులు చెబుతున్నాననుకోకు. మా హోటల్‌లో గ్లాసులు కడిగే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒక చలికాలం జ్వరంతో వణుకుతూ, భుజం మీద గోనెసంచి కప్పుకుని, ఒకే బకెట్ నీళ్లలో గ్లాసులు ముంచి తీస్తున్నాడు. నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. ఇంటికి పొమ్మని మా నాయన అనలేదు, పోతానని ఆయనా అనలేదు, పోతే ఆ రోజు కూలి లేదు కాబట్టి. నాకు ఆయన మీద జాలి వేసింది గానీ, ఆ గ్లాసుల్లో తాగి రైలెక్కేవాళ్ల సంగతి నల్లకోటు వేసుకునేదాకా తట్టలేదు.

ప్రశ్న: ఏసీ రెస్టారెంట్‌లో నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ వేశారు, సర్వీస్ చార్జి అని 10 శాతం వేశారు. రెండూ తప్పేనా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: మొదటిది తప్పు కాదమ్మా, మీకు నచ్చకపోయినా. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు సీసాకు ఎమ్మార్పీ మించి తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. బస్టాండ్‌లో కొట్టువాడు కూలింగ్ చార్జి అని ఎక్కువ అడిగితే మాత్రం అది నేరం. సర్వీస్ చార్జి బిల్లులో తనంతట తాను వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమనండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జీఎస్టీ వేరే సంగతి, అది కట్టాల్సిందే.

ప్రశ్న: జమ్మికుంటలో నాది చిన్న ఫాస్ట్‌ఫుడ్. రెండు నెలల కింద అధికారులు వచ్చి చికెన్ 65 శాంపిల్ తీసుకుపోయారు. ఇప్పుడు రిపోర్టులో సింథటిక్ రంగు ఉంది, అన్‌సేఫ్ అని వచ్చింది. ఒకాయన వచ్చి ‘పైన మాట్లాడి సెట్ చేస్తా, 50 వేలు ఇయ్యి’ అంటున్నడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఇవ్వమంటారా?
– ఫాస్ట్‌ఫుడ్ యజమాని

జవాబు: ఇవ్వకండి. లంచం తీసుకోవడం ఎట్లా నేరమో ఇవ్వడం కూడా 2018 నుంచి అట్లాగే నేరం, ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో పోలీసులకో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కో చెప్పినవాళ్లకే మినహాయింపు. ఏసీబీ నంబరు 1064. పైగా ఆ ‘ఒకాయన’ ఎవరో, పైన ఎవరితో మాట్లాడతాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు, బహుశా ఆ పైనున్నాయనకూ తెలియదు.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం తేదీ. రిపోర్టు అందిన రోజు నుంచి 30 రోజుల్లో ఆహార భద్రత శాఖలోని డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు పెట్టుకోవచ్చు. శాంపిల్ తీసిన రోజు దాన్ని నాలుగు భాగాలు చేసి ఉంటారు, ఒకటి ల్యాబ్‌కు పోతుంది, రెండు ఆ ఆఫీసర్ దగ్గర సీలు వేసి ఉంటాయి. అప్పీలు ఒప్పుకుంటే అందులో ఒకటి రిఫరల్ ల్యాబ్‌కు పోతుంది, అక్కడ వచ్చిన రిపోర్టే ఆఖరు. రిపోర్టు కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటే ఆ కవరు పారేయకండి, రిపోర్టు ఎప్పుడు అందిందో దాంతోనే తేలుతుంది. ఆ రోజు శాంపిల్‌కు డబ్బు ఇచ్చారా, ఫారం 5-ఏ నోటీసు మీ చేతికిచ్చారా, సాక్షి సంతకం ఎవరిది, ఇవన్నీ గుర్తు తెచ్చుకుని రాయండి. ఏ కారణం లేకుండా వేధించే అధికారికి కూడా ఆహార భద్రత చట్టం 39వ సెక్షన్ కింద లక్ష దాకా జరిమానా ఉంది, కాకపోతే మీ విషయంలో అది పనికొచ్చేలా లేదు.

ఎందుకంటే మీరు రంగు కలపలేదని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మిఠాయిల్లాంటి కొన్నింట్లో కొన్ని రంగులకు కిలోకు 100 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. చికెన్ 65, బిర్యానీ, కబాబుల్లో సింథటిక్ రంగు చిటికెడు కూడా వేయకూడదు. కిరాణంలో దొరికే ఆ చిన్న ఎర్ర ప్యాకెట్ ఎవరు పడితే వారు అమ్ముతారు కాబట్టి తప్పు లేదనుకుంటారు. సబ్‌స్టాండర్డ్ (నాణ్యత తక్కువ) అని వస్తే అదనపు కలెక్టర్ దగ్గర జరిమానాతో పోయేది, అది 5 లక్షల దాకా ఉండొచ్చు గానీ జైలు లేదు. అన్‌సేఫ్ (తింటే హాని) అంటే క్రిమినల్ కేసు, మెజిస్ట్రేట్ కోర్టు. అందుకే అప్పీలు గడువు దాటనివ్వకండి, ఈ వారమే వకీలును కలవండి, ఈ రోజు నుంచి కాశ్మీరీ మిర్చి వాడండి. నాలుగు రూపాయలు ఎక్కువ పడుతుంది, ఎరుపు కాస్త తగ్గుతుంది, జమ్మికుంట జనం తినడం మానరు.

అన్నట్టు మీరు పంపిన బండి ఫొటోలో ఎర్ర సిలిండర్ కనిపిస్తోంది. ఇంటి సిలిండర్ 14.2 కిలోలది, హోటల్‌కు 19 కిలోల కమర్షియల్ వాడాలి. సివిల్ సప్లయిస్ వాళ్లు వస్తే అది ఇంకో కేసు.

ప్రశ్న: నేను ఒక హోటల్‌లో గిన్నెలు తోముతా, కూరగాయలు కోస్తా. ఏడుగురం ఉంటాం, ఆడదాన్ని నేనొక్కదాన్నే. పెద్ద మాస్టర్ మాటలు, చేతులు రెండూ మంచిగా లేవు. సేటుకు చెబితే ‘వాడు పోతే హోటల్ మూతపడుతది, నువ్వే సర్దుకో’ అన్నడు. పోలీసుల దగ్గరికి పోవాలంటే ఇంట్లో తెలుస్తుందని భయం.
– ఒక సోదరి

జవాబు: చెల్లె, నీ తప్పు ఇసుమంత కూడా లేదు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది కన్నా తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళే. జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఆగుతారు. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత వాళ్లదే. నీ పేరు బయటపెట్టకూడదు. విచారణ నడిచేటప్పుడు మూడు నెలల దాకా సెలవు ఇప్పించమని కూడా అడగొచ్చు. కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో లోకల్ కమిటీ ఎక్కడని అడుగు, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. ఏ రోజు, ఏ టైముకు, ఏమన్నాడు, ఏం చేశాడు, పక్కన ఎవరున్నారు, క్యాలెండర్ వెనక గుర్తు పెట్టుకున్నా చాలు. పోలీసు కేసు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం, ఎవరూ బలవంతం చేయకూడదు. వకీలుకు డబ్బు కూడా అక్కర్లేదు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, నంబరు 15100. సేటు చెప్పిన ‘సర్దుకో’ అన్న మాట కూడా రాయి. నాకు ఈ ఉత్తరంలో మాస్టర్ కన్నా ఆ మాట మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ప్రశ్న: మా తమ్ముడు ఒక చిన్న హోటల్‌లో బజ్జీల మాస్టర్. కడాయి ఒరిగి మోచేయి దాకా కాలింది. ఆరుగురే పనివాళ్లు, ఈఎస్ఐ లేదు. సేటు 5 వేలిచ్చి ఇంటికి పొమ్మన్నడు. మాది ములుగు.
– అన్న

జవాబు: ఆ 5 వేలు తీసుకున్నందుకు ఎక్కడైనా సంతకం పెట్టించుకున్నాడా? ‘ఇక ఏ బాకీ లేదు’ అని రాసి ఉన్నా భయపడకండి, పరిహారం హక్కును అట్లా రాయించుకుని తీసేయలేరు. ఈఎస్ఐ లేని చోట పనిలో గాయమైతే యజమానే పరిహారం ఇవ్వాలి, ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. గ్యాస్ మీద వండే హోటల్ వంటవాళ్లు అందులో వస్తారు. వైద్యం ఖర్చు ఎంతయితే అంత, పని చేయలేని రోజులకు సుమారు సగం జీతం, చేయి ముడుచుకుపోయి శాశ్వత లోపం మిగిలితే దాని శాతాన్ని బట్టి పెద్ద మొత్తం. రెండేళ్లలోపు వేయాలి, మీరు ఉండే చోటే వేసుకోవచ్చు. మందుల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టండి, కట్టు విప్పినప్పుడల్లా ఫొటో తీయండి, ఫొటోలో ఆ రోజు పేపరు తేదీ కనిపించేలా.

ప్రశ్న: పరకాలలో నా మిర్చి బండి మున్సిపాలిటీ వాళ్లు ఎత్తుకుపోయారు. శనగపిండి, నూనె డబ్బా, పొయ్యి అన్నీ అందులోనే. మూడు రోజులైంది.
– మిర్చి బండి యజమానురాలు

జవాబు: 2014 వీధి వ్యాపారుల చట్టం చూపించండి అక్కా. సామాను పట్టుకుంటే ఏమేం పట్టుకున్నారో జాబితా రాసి సంతకం పెట్టి మీకివ్వాలి. మీరు అడిగాక పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి, నామమాత్రపు ఫీజు ఉంటే కట్టాలి. ఉన్న చోటు నుంచి లేపాలంటే 30 రోజుల నోటీసు. అడగడం నోటితో కాదు, రాసిచ్చి ముద్ర వేయించుకోండి, గడియారం అప్పటి నుంచే మొదలవుతుంది. వెండింగ్ సర్టిఫికెట్ ఉందా మీకు? లేకపోతే టౌన్ వెండింగ్ కమిటీకి దరఖాస్తు పెట్టండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోండి. బండి తిరిగొచ్చాక మిర్చీలు పాత పేపర్లో కట్టివ్వడం మానండి, ఆ సిరా నూనెకు కరిగి తిండికి అంటుతుంది. మా పత్రిక కాయితాలకు కూడా ఇదే వర్తిస్తుంది, ఎడిటర్ గారు ఏమనుకున్నా సరే.

ప్రశ్న: మంచిర్యాలలో మాకు టిఫిన్ సెంటర్. మా బాబుకు 12 ఏళ్లు, బడికి పోకముందు పొద్దున 5 నుంచి 8 దాకా ప్లేట్లు అందిస్తాడు. మొన్న ఒకాయన ‘పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తా’ అని బెదిరించాడు. సొంత కొడుకు సాయం చేయడం కూడా నేరమా?
– ఒక తండ్రి

జవాబు: సొంత ఇంటి వ్యాపారంలో బడి అయ్యాక, సెలవుల్లో పిల్లలు సాయం చేయొచ్చని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ఒప్పుకుంటుంది. కానీ నియమాల్లో టైము ఉంది, రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా చేయించకూడదు. మీవాడు చేసేదంతా సరిగ్గా ఆ టైములోనే. ఇంకొకరి పిల్లవాడైతే 14 ఏళ్ల లోపు ఏ టైములోనూ పెట్టుకోకూడదు, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు ఉంటుంది. నేను ఆ వయసులో పొద్దున 4 గంటలకు లేచి మా నాయనకు పాలు కాచేవాణ్ని, మొదటి పీరియడ్‌లో బెంచీ మీదే నిద్రపోయేవాణ్ని, లెక్కల సారు చాక్‌పీసు విసిరితే లేచేవాణ్ని. బాబును రేపటి నుంచి ఏడింటిదాకా పడుకోనీయండి. ప్లేట్లు అందించడానికి పెద్దవాళ్లను ఎవరినైనా పెట్టుకోండి, పెట్టుకున్న రోజే పేరు, జీతం హాజరు పుస్తకంలో రాయండి.